చింగ్‌మింగ్ అంటే చైనావాళ్ళ పితృపక్షమేనా?

సగం అవును, సగం కాదు. పితృపక్షంలో మనం శుభకార్యాల మాటే ఎత్తం. చింగ్‌మింగ్ నాడు చైనాలో పొద్దున సమాధుల దగ్గర దండాలు పెట్టి, మధ్యాహ్నానికల్లా పిల్లలతో గాలిపటాలు ఎగరేస్తుంటారు. వసంతంలో ఊరి బయట షికారూ పండుగలో భాగమే.

షాంఘైలో ఉద్యోగం చేసేటప్పుడు ఒక కొలీగ్ కుటుంబంతో సుజౌ వైపు శ్మశానానికి వెళ్ళాను. షాంఘైలో స్థలం ఖరీదు కాబట్టి చాలామంది పెద్దల్ని అటే సమాధి చేస్తారు, ఇక ఆ రోజు హైవే ట్రాఫిక్ గురించి అడక్కండి. రాయి కడిగి, చామంతులు పెట్టి, మూడుసార్లు వంగి నమస్కరించారు. తర్వాత బామ్మగారు సంచిలోంచి పెయింట్, సన్న బ్రష్ తీశారు. వెలిసిన అక్షరాలు మళ్ళీ దిద్దాలి. భర్త పేరు పక్కనే ఆవిడ పేరూ చెక్కి ఉంది, ఎర్ర రంగులో. బతికున్నవాళ్ళ పేరుకి ఎరుపు వేస్తారట. తన పేరు తనే దిద్దుకుంటూ, గొడుగు సరిగ్గా పట్టలేదని మనవణ్ణి కసురుతున్నారు. ఎటు చూడాలో తెలియక ఇబ్బంది పడింది నేనొక్కణ్ణే.

పెద్దల కోసం కాగితపు డబ్బు కాల్చే ఆచారం ఉంది కానీ, మంటల భయంతో చాలా నగరాల శ్మశానాల్లో ఇప్పుడు కాల్చనివ్వరు. తమాషా ఏమిటంటే, ఈ పండుగలో కలిసిపోయిన ‘చల్లని తిండి’ పండుగకి అసలు నియమమే పొయ్యి వెలిగించకూడదని. కథ ఇదీ: దేశం వదిలి తిరిగిన రాకుమారుడు చోంగ్‌అర్ ఆకలితో ఉంటే, సేవకుడు జియె జిటుయ్ తన తొడ కోసి వండిపెట్టాడు. క్రీ.పూ. 636లో రాజయ్యాక చోంగ్‌అర్ అతన్ని మర్చిపోయాడు. గుర్తొచ్చి పిలిస్తే అతను రాలేదు, తల్లితో అడవిలో దాక్కున్నాడు. బయటికి రప్పించాలని అడవికి నిప్పు పెడితే ఇద్దరూ కాలిపోయారు. ఆ రోజు నిప్పు వద్దని రాజు ఆజ్ఞ. కథలో నిజమెంతో గానీ, ఆ చల్లని తిండి రోజున సమాధుల దర్శనానికి టాంగ్ వంశపు చక్రవర్తి శ్వాన్‌జోంగ్ క్రీ.శ. 732లో అధికారికంగా అనుమతిచ్చాడు.

షాంఘై వైపు ఇప్పటికీ చల్లగానే తినేది చింగ్‌తువాన్. ఆకు పసరు కలిపిన జిగురు బియ్యప్పిండి ఉండ, లోపల తీపి బీన్స్ ముద్ద. పళ్ళకి అతుక్కుంటుంది, అయినా నాకు నచ్చింది.

చైనాలో 2008 నుంచి దీనికి ప్రభుత్వ సెలవు. సూర్యగమనాన్ని బట్టి వచ్చేది కాబట్టి ఏటా ఏప్రిల్ 4–6 మధ్యే పడుతుంది. మీకు చైనా స్నేహితులుంటే ఆ రోజు ‘హ్యాపీ చింగ్‌మింగ్’ అని మాత్రం మెసేజ్ పెట్టకండి, చాలామందికి అది అపశ్రుతిలా వినిపిస్తుంది. ఇంటికి వెళ్తున్నారా అని అడిగితే చాలు.