అమ్మాయి మాంసం మానేసింది, తండ్రిది కోళ్ల షెడ్డు

ప్రశ్న: మాది ఒడిశాలోని రాయగడ. మా వారు ఊరి బయట కోళ్ల షెడ్డు నడుపుతారు. కోడిపిల్లలు, దాణా, మందులు కంపెనీవి, షెడ్డూ కష్టమూ మావి. పెంచినందుకు కిలోకు ఇంతని ఇస్తారు. చలికాలంలో కోడిపిల్లలు దిగిన మొదటి వారం ఆయన షెడ్డులోనే పడుకుని రాత్రంతా కాపలా కాస్తారు. మా అమ్మాయికి 16 ఏళ్లు, ప్లస్ టూ చదువుతోంది. కార్తీక పున్నమి రాత్రి షెడ్డులో లిఫ్టింగ్, అంటే పెరిగిన కోళ్లను పట్టి అమ్మకానికి ట్రేల్లో ఎక్కించడం, చూసింది. ట్రేలో ఇరుక్కున్న ఒక కోడి రెక్కను విడదీయబోతే అది పొడవకుండా కళ్లు మూసుకుందట. ఆ రాత్రి నుంచి మాంసం, గుడ్డు ముట్టడం లేదు. తండ్రిని ‘హంతకుడివి’ అనేసి మాటలు మానేసింది. పిల్ల నీరసించిపోతోందని అత్తగారు బెంగపెట్టుకుంటే, ఆవిడ మాట కాదనలేక ఒకరోజు కోడి ఉడికించిన నీళ్లు పప్పులో కలిపాను. తెలిసిపోయింది. ఇప్పుడు నేను వండినది తినదు. తానే అన్నం వండుకుని పెరుగుతో తింటోంది. ఏం చేయాలి?

జవాబు: అమ్మా, ముందు ఆ పప్పు సంగతే మాట్లాడుకుందాం. మీ ఇంట్లో అన్నిటికన్నా లోతుగా దిగిన ముల్లు అదే. మీ అత్తగారిది ప్రేమే, మీదీ ప్రేమే. కానీ తన నోట్లోకి ఏది వెళ్లకూడదో పిల్ల నోరు తెరిచి చెప్పింది. అమ్మ వినలేదు, పైగా దాచింది. ఏకాదశి ఉపవాసంలో ఉన్న మీ అత్తగారికి ఎవరైనా తెలియకుండా ఏదో కలిపి పెడితే ఆవిడ ఎంత కుమిలిపోయేవారో ఊహించండి. ఈ రోజే అమ్మాయి పక్కన కూర్చుని ‘తప్పు చేశాను, ఇంకెప్పుడూ చేయను’ అని చెప్పండి. నాయనమ్మ చెప్పబట్టి చేశానని మాత్రం అనకండి. ఆమె మళ్లీ నమ్మడానికి కొన్నాళ్లు పడుతుంది. అందాకా ఆమెకంటూ ఒక గిన్నె, ఒక గరిటె వేరుగా ఉంచి, ఆమె కళ్ల ముందే పప్పు పొయ్యి మీద పెట్టండి.

నీరసం గురించి పెద్దావిడ భయం తీసిపారేయదగ్గది కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-19 ఏళ్ల అమ్మాయిల్లో నూటికి 59 మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. ఒట్టి పెరుగన్నంతో రోజులు వెళ్లదీయడం మంచిది కాదు. అయితే కార్తీకమాసం వంట మీ ఇంటికి కొత్తదా? మీ ఒడియా పొరుగువారు పంచుక అని పిలిచే కార్తీకం చివరి అయిదు రోజులూ నీచు ముట్టరు. ఆ రోజుల్లో కొంగ కూడా చేపను తినదని చెప్పుకుంటారు. ఆ నెలలో అత్తగారు ఏం వండేవారో ఆవిడనే అడగండి, ఆవిడ చేతే వండించండి. కందిపప్పు, ఉలవచారు, శనగలు, రాగి జావ, తోటకూర, పొరుగింటివారు కూరగాయలు వేసి వండే పప్పు దాల్మా. పప్పన్నంలో నిమ్మకాయ పిండితే అందులోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది, తిన్న వెంటనే టీ తాగితే అది తగ్గిపోతుంది. బి12 కోసం పాలు, పెరుగు మానకూడదు. ఒకసారి రక్తపరీక్ష చేయించండి.

ఇక ఆ రాత్రి ఆమె చూసినదాని గురించి. పున్నమి మర్నాడు ఛాడఖాయి, అంటే కార్తీక నియమం ముగించి ఒడియావారు మళ్లీ మాంసం తినే రోజు కాబట్టి బజారులో గిరాకీ, షెడ్డులో తొందర. ఒక్కో చేతికి నాలుగైదు కోళ్లను కాళ్లు పట్టి తలకిందులుగా మోసి ట్రేల్లో కుక్కుతారు. అలవాటు పడిన కంటికి అది పని. మొదటిసారి చూసిన కంటికి అది హింస. ఆ కన్ను అబద్ధం చెప్పడం లేదని నేను నమ్ముతున్నాను. నలభై రోజులకు రెండు కిలోలు తూగేలా పెంచిన పక్షి అది. ఆ వయసుకు నాటుకోడి పిల్ల ఇంకా తల్లి వెంట తిరుగుతుంటుంది. ఒంటి బరువు మోయలేక కొన్నిటికి కాళ్లు చచ్చుబడతాయి. అనవసరమైన బాధ కలిగేలా జంతువులను మోయడం, తరలించడం నేరమని 1960 నాటి జంతుహింస నిరోధక చట్టమే చెబుతోంది. కోడి కూడా అందులోకి వస్తుంది. కాబట్టి మీ అమ్మాయిది వయసు తెచ్చిన పెంకితనమని ఎవరూ అనకండి.

‘హంతకుడు’ అన్న మాటను మాత్రం వదిలేయకూడదు. చలికాలంలో కోడిపిల్లలు దిగిన మొదటి వారం మీ వారు షెడ్డులోనే పడుకుని రాత్రంతా కాపలా కాస్తారని రాశారు. కరెంటు పోతే వెచ్చదనానికి పెట్టిన బల్బులు ఆరి పిల్లలు ఒకదాని మీద ఒకటి ఎక్కి చచ్చిపోతాయనే కదా. ఈ సంగతి అమ్మాయికి తెలుసా? ఇంట్లో అందరికన్నా ఆ పక్షుల బాధ ఎరిగిన మనిషి ఆయనే. ఆ మాట ఆయన్ను ఎంత కోసి ఉంటుందో ఆమెకు తెలియాలి, క్షమాపణ అడగాలి. అలాగని ఆమె అన్న మాటకు జవాబుగా ‘నీ ఫీజు కోళ్ల డబ్బే’ అని మీరెవరూ ఎత్తిపొడవకూడదు. చంపి తినడం తప్పా కాదా అన్నది మీ ఇంట్లో ఈ ఏడాది తేలకపోవచ్చు. బతికున్నన్నాళ్లు వాటికి నొప్పి తగ్గించాలన్న దగ్గర మాత్రం తండ్రికీ కూతురికీ తగవు లేదు. ఎండాకాలం బ్యాచ్‌లో పిల్లలను తగ్గించి, చదరపు అడుగుకు ఒకటి అన్న లెక్కను కాస్త సడలించవచ్చు. లిఫ్టింగ్‌కు వచ్చే కుర్రాళ్లకు రెండు చేతులతో ఒళ్లు పట్టి ఎత్తమని చెప్పవచ్చు. కుంటేవాటిని ముందే వేరు చేయవచ్చు. ఎన్ని పిల్లలు దించాలో, ఏ రోజు ఎత్తాలో కంపెనీ చేతిలో ఉంటే, ఆ ఇబ్బందినీ ఆయన దాచకుండా కూతురికి చెప్పాలి. షెడ్డు ఉంచాలా తీసేయాలా అన్నది అప్పూ ఆదాయమూ చూసుకుని మీ దంపతులు తేల్చుకోవలసినది. ఆ బరువు పిల్ల నెత్తిన పెట్టకండి.

వచ్చే బ్యాచ్ పిల్లలు దిగే రాత్రి షెడ్డుకు బయలుదేరేటప్పుడు, ‘వస్తావా అమ్మా’ అని ఆయనే స్వయంగా అడగాలి. మధ్యలో మీరు అడగకండి. రానంటే ఆ రాత్రికి వదిలేయమనండి. ఆ తర్వాతి బ్యాచ్‌కు మళ్లీ అడగవచ్చు.