ఈ మాట ఎవరి నోటిది?

అమ్మలూ,

ఆధునిక హీబ్రూ సాహిత్యం కోర్సులో చేరావని, సిలబస్ చూస్తే గుండె జారిందని రాశావు. అక్కడి చరిత్ర తెలియకుండా ఆ కథలు ఎలా తలకెక్కుతాయని నీ బెంగ. చరిత్ర చదవక తప్పదు. కానీ నువ్వు కథలు రాస్తున్నదానివి. ప్రతి పుస్తకం దగ్గరా ఆగి ఒక్క సంగతి చూసుకో: ఇక్కడ మాట్లాడుతున్నది ఎవరు, ఎవరి గొంతు వినపడటం లేదు?

మనకి జనం నోట తెలుగు ఉండేది, దాన్ని పుస్తకాల్లోకి రానివ్వమని గిడుగు పోరాడాల్సి వచ్చింది. అక్కడ సంగతి తారుమారు. హీబ్రూ యూదుల ప్రార్థనల్లో ఉంది, గ్రంథాల్లో ఉంది, ఇళ్లలో లేదు. 1853లో అబ్రహాం మపూ తొలి హీబ్రూ నవల అచ్చువేసేనాటికి తూర్పు యూరప్ యూదుల ఇళ్లలో వినపడేది యిడ్డిష్. తర్వాత బ్రెన్నర్ అనే హీబ్రూ నవలాకారుడు రాసినప్పుడూ, యిడ్డిష్‌లో పోట్లాడుకునే మనుషుల చేత హీబ్రూలో పోట్లాడించాల్సి వచ్చింది. ఆయన వాక్యాలు తడబడతాయి, మధ్యలో తెగిపోతాయి. చేతకాక అనుకోకు. నాకు ఆయన నిజాయితీ అక్కడే కనిపిస్తుంది.

హీబ్రూ కవి బియాలిక్ దగ్గర ఎక్కువసేపు ఆగు. 1903లో రష్యా సామ్రాజ్యంలోని కిషినేవ్ నగరంలో యూదుల ఊచకోత జరిగితే, బాధితుల వాంగ్మూలాలు సేకరించడానికి ఆయన్ని ఒడెస్సా నుంచి పంపారు. వాళ్లు చెప్పిందంతా నోటుపుస్తకాల్లో రాసుకున్నాడు. అవి ఆయన బతికుండగా వెలుగు చూడలేదు. వెలుగు చూసింది 'హత్యానగరంలో' అనే దీర్ఘకవిత. అందులో మాట్లాడేది దేవుడు. దాక్కుని చూస్తూ ఉండిపోయారని మగవాళ్లని ఈసడిస్తాడు. ఎదురు తిరిగినవాళ్లూ ఉన్నారని వాంగ్మూలాలు చెబుతాయి, కవిత చెప్పదు. మహా కవిత అది, అందులో నాకు సందేహం లేదు. అయినా ఆ నోటుపుస్తకాలను మరిచిపోయి దాన్ని చదవకు.

ఇంకో పని. బియాలిక్ పద్యం ఒకటి రెండు యాసల్లో చదివి వినిపించమని మీ ప్రొఫెసర్‌ని అడుగు. తూర్పు యూరప్ యూదుల యాసకి ఆయన నడక కట్టాడు. అందులో ఊనిక, అంటే మాటలో నొక్కి పలికే చోటు, చాలా మాటలకి చివరి అక్షరానికి ముందున్న అక్షరం మీద పడుతుంది. నేటి ఇజ్రాయెల్ ఉచ్చారణలో అది ఎక్కువగా చివరి అక్షరం మీదికి మారింది. ఇప్పటివాళ్లు చదివితే నడక చెడుతుంది. ఆ తేడా చెవితో వినాల్సిందే.

సెమిస్టర్ పేపర్ దేనిమీద రాయమంటావని అడిగావుగా. ఎస్. యిజ్హార్ 1949లో 'ఖిర్బెత్ ఖిజే' అనే కథ రాశాడు. ఇజ్రాయెల్ ఏర్పడిన నాటి యుద్ధంలో ఇజ్రాయెలీ సైనికులు ఒక పాలస్తీనా ఊరిని ఖాళీ చేయిస్తారు. కథ చెప్పేది వాళ్లలో ఒకడు. ఒక తల్లి బిడ్డ చెయ్యి పట్టుకుని, కన్నీళ్లతోనే, ఎవరి ముందూ తగ్గకుండా నడిచిపోతుంది. ఆమెని మనం ఆ సైనికుడి కళ్లతోనే చూస్తాం. రచయిత ఆ యుద్ధంలో ఉన్నవాడే, కథ వచ్చిన ఏడాదే పార్లమెంటు సభ్యుడు కూడా. ఆ తర్వాత, 1986లో, గలిలీ ప్రాంతపు ఫస్సూతాలో పుట్టిన పాలస్తీనా రచయిత ఆంటన్ షమ్మాస్ తన ఇంటి పెద్దల కథల్ని 'అరబెస్క్‌లు' నవలగా హీబ్రూలోనే రాశాడు. అతని ఇంటి భాష అరబిక్.

ఈ రెండూ ఇంగ్లిష్‌లో దొరుకుతాయి, సిలబస్‌లో లేకపోయినా చదువు. పక్కపక్కన పెట్టి రాయి. తీర్పు మొదటి పేజీలోనే చెప్పెయ్యకు. ఆ తల్లి నడిచిన పేజీ దగ్గర మొదలుపెట్టు. చిత్తుప్రతి అయ్యాక నాకు పంపు, పెన్సిల్ పట్టుకుని కూర్చుంటాను.

ఆశీస్సులతో,
బాబాయి