స్క్రీన్ మీద కళకళ, ప్రింట్‌లో వెలవెల

ప్రశ్న: ఇంట్లో ఇంక్‌జెట్ ప్రింటర్‌లో ఫొటోలు తీస్తుంటానండీ. కంప్యూటర్‌లో చూస్తే మొహాలు బాగా వెలుగుతూ ఉంటాయి, అదే ప్రింట్ తీస్తే చీకటిగా, పైగా కాస్త ఎర్రగా వస్తోంది. ఎడిటింగ్‌లో బ్రైట్‌నెస్ పెంచి మళ్ళీ తీస్తే ఈసారి తెల్లటి బట్టలు పాలిపోతున్నాయి. ప్రింటర్ మార్చేయమంటారా?

జవాబు: అప్పుడే మార్చకండి. మీకున్నవి రెండు వేర్వేరు సమస్యలు, చీకటిగా రావడం ఒకటి, ఎర్రగా రావడం ఇంకోటి, అందుకే ఫొటోలో ఏం మార్చినా కుదరట్లేదు. ఫొటోని అలాగే వదిలేయండి, దాని తప్పేం లేదు.

చీకటి సంగతి ముందు చూద్దాం. దీనికి చాలాసార్లు కారణం మానిటరే. కొత్త మానిటర్లు చాలావరకు ఫుల్ బ్రైట్‌నెస్‌లో చదరపు మీటరుకి 250 క్యాండెలాలు (వెలుగును కొలిచే యూనిట్), ఇంకా పైనే ఇస్తాయి, ప్రింట్‌తో పోల్చుకునే పనికి 80 నుంచి 120 చాలు. కాగితం సొంతంగా వెలగదు కదండీ, గదిలో ఉన్న వెలుతురునే తిరిగి పంపుతుంది, అంత వెలుగుతున్న స్క్రీన్ పక్కన ఏ ప్రింట్ పెట్టినా నల్లగానే కనిపిస్తుంది. కొలిచే పరికరం లేకపోతే ఇలా చేయండి: మానిటర్ ఆన్ చేసి అరగంట ఆగండి, రాత్రిపూట స్క్రీన్‌ని పసుపుగా మార్చే నైట్ మోడ్ ఉంటే తీసేయండి, ఖాళీ తెల్ల పేజీ తెరిచి, మీరు ప్రింట్‌కి వాడే కాగితాన్నే పక్కన మంచి వెలుతురులో పట్టుకుని రెండు తెలుపులూ దగ్గరయ్యేదాకా స్క్రీన్ బ్రైట్‌నెస్ తగ్గించుకుంటూ రండి. రెండు రోజులు స్క్రీన్ డల్లుగా అనిపిస్తుంది, తర్వాత కంటికి అలవాటైపోతుంది. తరచుగా ప్రింట్లు తీసేవాళ్ళయితే మాత్రం స్క్రీన్ రంగుల్ని కొలిచి సరిచేసే కలర్ కాలిబ్రేటర్ కొనుక్కోవడమే మంచిదని నా గట్టి అభిప్రాయం, కొత్త ప్రింటర్ కన్నా అదే ఎక్కువ పనికొస్తుంది.

ఇక ఎరుపు. ఇలా ఎర్రగా, వంగపండు ఛాయలో వస్తుంటే నేను ముందు అనుమానించేది రంగులు రెండుసార్లు దిద్దుతున్నారేమో అని. ఫొటోషాప్ ఒకసారి కాగితం ప్రొఫైల్ (ఆ ప్రింటర్‌లో ఆ కాగితం మీద రంగులు ఎలా వస్తాయో చెప్పే ఫైల్, దీన్నే ఐసీసీ ప్రొఫైల్ అంటారు) ప్రకారం మారుస్తుంది, దానిమీద ప్రింటర్ డ్రైవర్, అంటే ప్రింటర్‌ని నడిపే సాఫ్ట్‌వేర్, మళ్ళీ తన పద్ధతిలో మారుస్తుంది. ఎవరో ఒకరికే అప్పజెప్పండి. ప్రింట్ విండోలో 'ఫొటోషాప్ మేనేజెస్ కలర్స్' పెట్టి, మీ ప్రింటర్‌కీ ఆ కాగితానికీ సరిపడే ఐసీసీ ప్రొఫైల్ ఎంచుకుని, డ్రైవర్‌లో కలర్ కరెక్షన్ ఆఫ్ చేయండి. పేపర్ టైప్ కూడా సరిగ్గా పెట్టాలి, ఎంత ఇంకు వదలాలో ప్రింటర్ దాన్ని బట్టే చూసుకుంటుంది, గ్లాసీ కాగితం వేసి ప్లెయిన్ పేపర్ అని పెడితే ఏ ప్రొఫైలూ పనిచేయదు. వేరే కంపెనీ ఇంకు నింపినా అంతే, ఎందుకంటే కంపెనీ ఇచ్చిన ప్రొఫైల్ వాళ్ళ ఇంకు మీద కొలిచి తయారుచేసింది.

ఇంత చేసినా అచ్చుగుద్దినట్టు రాదు, అది ముందే చెప్తున్నా. స్క్రీన్ ఎరుపు, ఆకుపచ్చ, నీలం కాంతులు కలిపి రంగు చూపిస్తుంది, కాగితం మీద సయాన్, మజెంటా, పసుపు, నలుపు ఇంకులు పనిచేస్తాయి, గాఢమైన నీలాలూ మెరిసే ఆకుపచ్చలూ కొన్ని ఇంకుకి అందవు. మ్యాట్ కాగితం మీద నలుపు కూడా గ్లాసీ మీద వచ్చినంత చిక్కగా రాదు. ఎంత తేడా వస్తుందో ముందే చూసుకోవడానికి ఫొటోషాప్‌లో సాఫ్ట్ ప్రూఫ్ ఉంది, వ్యూ మెనూలో ప్రూఫ్ సెటప్‌కి వెళ్ళి అదే కాగితం ప్రొఫైల్ పెట్టండి, దిద్దుబాట్లు ఏమన్నా ఉంటే అది చూస్తూ విడిగా ఒక కాపీలో చేయండి.

ప్రింట్ బయటికి రాగానే తీర్పు ఇచ్చేయకండి, ఇంకు ఆరాక పగటి వెలుతురులో చూడండి. అప్పటికీ ఎరుపు పోకపోతే నాజిల్ చెక్ (ఇంకు వదిలే రంధ్రాలు మూసుకుపోయాయేమో చూపించే పరీక్ష ప్రింట్) తీయండి, గీతలు తెగి ఉంటే హెడ్ క్లీనింగ్ చేశాకే ఇంకో ఫొటో ప్రింట్ ఇవ్వండి.