వాణ్ణి ఊరికి పంపకు

చి.ల.సౌ. అమ్మలుకు పెద్దమ్మ ఆశీర్వదించి రాయునది.

నిన్న మీ అమ్మ ఫోన్ చేసింది. వచ్చే నెలలో నీ కాన్పు సెలవు అయిపోతోందనీ, మళ్ళీ ఉద్యోగంలో చేరుతున్నావనీ చెబితే పొంగిపోయాను. ఆ నోటితోనే, పెద్దాణ్ణి వేసవి దాకా ఏలూరులో మీ అత్తగారి దగ్గర ఉంచుతావని కూడా అంది. రాత్రి నిద్ర పట్టలేదు. ఫోన్లో చెబితే "సరేలే పెద్దమ్మా" అని పెట్టేస్తావు. అందుకే రాస్తున్నాను. కూర్చుని చదువు.

తెలిసినవి ముందు చెప్పేస్తాను. టీకాల కార్డు కళ్ళెదుట పెట్టుకో, తొమ్మిదో నెల నిండాక తట్టు టీకా ఉంది. ఆరు నెలలు నిండేదాకా చంటిదానికి నీ పాలు తప్ప మంచినీళ్ళు కూడా వద్దు. తేనె నాకిద్దామని ఎవరన్నా అంటే నా పేరు చెప్పి ఆపు, ఏడాది దాటేదాకా కూడదు. నీ ఐరన్ మాత్రలు ఆపకు.

నాకు భయం రెండింటి మీద. ఒకటి, బాత్‌రూంలో నీళ్ళ బకెట్. పాకే పిల్లకి జానెడు నీళ్ళు చాలు ప్రాణం మీదికి రావడానికి. స్నానాలవగానే ఒంపేసి బోర్లించు, తలుపు గడియ పెట్టు. రెండోది పల్లీలు. నాలుగేళ్ళవాడికి చెల్లి మీద ముద్దొస్తే తన నోట్లోది తీసి దాని నోట్లో పెడతాడు. పల్లీలు, పుట్నాలు, బొమ్మల్లో ఉండే బిళ్ళ బ్యాటరీలు వాడికి అందకుండా పెట్టు. పెట్టాడని వాణ్ణి మాత్రం కొట్టకే, ప్రేమ కొద్దీ పెట్టేది.

ఇక అసలు సంగతి. 1986 మార్చిలో నాకు మీ అక్క పుట్టేనాటికి మీ అన్నయ్యకు నాలుగు నిండాయి. నాకు రేపల్లెలో బడి ఉద్యోగం, మూడు నెలల సెలవు. ఇద్దర్నీ చూసే మనిషి దొరకలేదు. వీధి చివరి ముసలమ్మ "ఒక్క బిడ్డనయితే చూస్తానమ్మా" అంది. అందరిదీ ఒకటే మాట, పెద్దాణ్ణి అమ్మమ్మ దగ్గర పెట్టమని. దుగ్గిరాలలో అంత ఇల్లు, పెరట్లో జామచెట్లు, మీ అమ్మకింకా పెళ్ళి కాలేదు, ఎత్తుకు తిప్పుతుంది. నాకూ సబబే అనిపించింది.

జూన్‌లో బడి తెరిచే ముందు దిగబెట్టడానికి వెళ్ళాను. వాడు ఏడవలేదు, పండక్కి వచ్చామనుకున్నాడు. మార్కెట్ యార్డు దగ్గర పసుపు బస్తాల బండ్లు చూపించి తీసుకొచ్చాను. అన్నం తిని, నా కొంగు వేలికి చుట్టుకుని పడుకున్నాడు. మూడింటి బండికి వెళ్ళాలి. "లేపితే ఏడుస్తాడు, అట్లాగే వెళ్ళిపో" అంది మీ అమ్మమ్మ. కొంగు మెల్లగా విడిపించుకుని, చంటిదాన్ని భుజాన వేసుకుని, చప్పుడవకుండా చెప్పులు చేత్తో పట్టుకుని గుమ్మం దాటాను. తెనాలిలో బండి మారేటప్పుడు, ఏడుపు లేకుండా బయటపడ్డానని తేలికపడ్డాను కూడా.

పదకొండు నెలలున్నాడు అక్కడ. ఆ పదకొండు నెలలూ పగలు కన్ను మూయలేదట. రెప్పలు వాలుతుంటే లేచి వెళ్ళి అరుగు మీద కూర్చునేవాడట. ఈ మాట మీ అమ్మ నాకు పదేళ్ళ తర్వాత చెప్పింది. మొదట్లో ప్రతి ఆదివారం వెళ్ళేదాన్ని. తర్వాత చంటిదానికి జలుబనీ, పరీక్ష పేపర్లు దిద్దాలనీ నెలకోసారయింది. వెళ్ళినప్పుడల్లా నా చేతిసంచీ ఎక్కడుందో వెతికి దాని మీద కూర్చునేవాడు.

మీ అక్క బోర్లా పడితే బొబ్బట్లు చేశాం, అడుగులేస్తే అరిసెలు వండాం. రెండింటికీ వాడు లేడు. వేసవి సెలవుల్లో తీసుకొచ్చిన రోజు సాయంత్రం వంటింటి గుమ్మంలో నిలబడి "అమ్మా, మంచినీళ్ళు తాగనా?" అని అడిగాడు. తన సొంత ఇంట్లో వాడు! నాకు చేతిలో గరిట ఆడలేదు.

వాడికిప్పుడు 40 దాటాయి. ఊరికి వెళ్ళాల్సొస్తే తెల్లవారుజామునైనా సరే, నిద్రపోతున్న పిల్లల్ని లేపి చెప్పి వెళ్తాడు. కోడలు విసుక్కుంటుంది. నేనేమీ అనలేను.

మీ అత్తగారు బంగారం, నాకు తెలుసు. మీ అమ్మమ్మ మటుకు తక్కువా? మీ అత్తగారినే ఒక నెల హైదరాబాదు రమ్మను, వాడు తన ఇంట్లో, తన బడికి వెళ్తూ ఉంటాడు. మాకు లేనిదొకటి మీకుంది. 50 మంది, అంతకు పైన పనిచేసే చోట పిల్లల్ని చూసుకునే క్రెష్ ఉండాలనీ, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్ళి బిడ్డను చూసుకోవచ్చనీ 2017లో చట్టంలో చేర్చారు. మీ ఆఫీసులో మొహమాటపడకుండా అడుగు. చంటిదానికి అక్కడ కుదిరితే సగం బరువు తగ్గుతుంది.

ఆఫీసుకి వెళ్ళేటప్పుడు వాడి కన్నుగప్పి జారుకోకు. చెప్పి వెళ్ళు. ఏడిస్తే ఏడవనీ. ఏడింటికొస్తానంటే వాడికేం తెలుస్తుంది, "నువ్వు సాయంత్రం పాలు తాగేసరికి వస్తా" అను, ఆ వేళకి రా. మానేసిన పక్క తడపడం మళ్ళీ మొదలెట్టాడని మీ అమ్మ చెప్పింది. కోప్పడకు, గుడ్డ మార్చి పడుకోబెట్టు. "పెద్దాడివి కదా" అని మాత్రం అనకే. చెల్లి వచ్చినంత మాత్రాన నాలుగేళ్ళవాడు పెద్దాడెట్లా అవుతాడు? రోజూ ఓ అరగంట చంటిదాన్ని అల్లుడి చేతిలో పెట్టి వాడి పక్కన ఊరికే కూర్చో.

తిడుతున్నాననుకోకు తల్లీ. రాత్రి రెండింటికి ఒకరికి పాలు, ఒకరికి తడిసిన పక్క. నీ నడుమెట్లా ఉందని అడిగేవాళ్ళుండరు. వేళకి తింటున్నావా?

నువ్వు చేరే ముందు శుక్రవారం నారాయణాద్రి ఎక్స్‌ప్రెస్‌లో బయల్దేరుతాను, పదిహేను రోజులుంటాను. పొద్దున లింగంపల్లి స్టేషన్‌కి వాణ్ణి తీసుకురా. చంటిదాన్ని అల్లుడి దగ్గర ఉంచు. ముందు వాణ్ణి ఎత్తుకోవాలి నేను.

మీ పెద్దమ్మ
తెనాలి