రెండు సూర్యులున్న గ్రహం మీద ఎండ ఎలా ఉంటుంది?

రెండు నక్షత్రాలున్న చోట గ్రహం మీద ఎండ రోజుకో తీరుగా మారుతుంది కదా, అక్కడ జీవం ఎలా నిలుస్తుందని మీరు అడిగారు. మూడేళ్ల కిందట సూర్యలంక బీచిలో ఇంటర్ చదివే ఒక అమ్మాయి నన్ను ఇదే అడిగింది. నేను బాపట్ల వైపు ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. మే నెల, రాత్రి పదకొండు గంటలు. దక్షిణాన సముద్రం పైన, చాచిన చేతి పిడికిలికన్నా కాస్త ఎత్తున ఆల్ఫా సెంటారీ అనే జంట నక్షత్రం ఉంది. బొమ్మ వణుకుతున్నా మా 80 మిల్లీమీటర్ల టెలిస్కోపులో అది రెండు చుక్కలుగా విడిపోయింది. పెద్దది లేత పసుపు, చిన్నది కొంచెం నారింజ. ఆ అమ్మాయి కన్ను తీయకుండానే, "సార్, అక్కడ ఎవరైనా ఉంటే మాడిపోరా?" అంది.

మాడిపోరు. ఆ రెండూ ఒకదాని చుట్టూ ఒకటి తిరగడానికి దాదాపు 80 ఏళ్లు పడుతుంది. బాగా దగ్గరికి వచ్చినప్పుడు కూడా వాటి మధ్య దూరం భూమికీ సూర్యుడికీ మధ్య ఉన్న దూరానికి 11 రెట్లు. పెద్ద నక్షత్రం చుట్టూ భూమి లాంటిది ఒకటి తిరుగుతుందనుకుంటే, అప్పుడు రెండో దాని నుంచి అందే వేడి మన ఎండలో సుమారు 250వ వంతు. భూమి జనవరిలో సూర్యుడికి దగ్గరగా, జులైలో దూరంగా ఉండటం వల్లనే మనకు అందే ఎండ 7 శాతం దాకా మారుతోంది. ఎండ ఎక్కువ అందే ఆ జనవరిలోనే మనం దుప్పటి కప్పుకుంటాం. అక్కడ నిజంగా మారిపోయేది రాత్రి. దగ్గరికి వచ్చిన సంవత్సరాల్లో, ఏడాదిలో సగం కాలం, రాత్రి ఆకాశంలో పౌర్ణమి వెన్నెలకు వెయ్యి రెట్లకు పైగా వెలుగు ఉంటుంది. చీకటి పడితేనే విచ్చే పువ్వులు అక్కడ ఏం చేస్తాయో అని నాకు ఇప్పటికీ ఆలోచన వస్తుంటుంది.

ఇది గ్రహం జంటలో ఒక్క నక్షత్రం చుట్టూనే తిరిగే రకం. రెండో రకం వేరు. నక్షత్రాలు రెండూ దగ్గరగా తిరుగుతుంటే, గ్రహం ఆ జంటనే చుట్టి వస్తుంది. ఇక్కడ వాతావరణం సంగతికి ముందు కక్ష్య నిలవాలి. ఆ సెలవుల్లో కంప్యూటర్‌లో చిన్న ప్రోగ్రాం రాసి చూశాను. సమానమైన రెండు సూర్యులు, ఒక గ్రహం. నక్షత్రాల మధ్య దూరానికి రెట్టింపు దూరంలో పెడితే గ్రహం కొన్ని చుట్లు తిరిగి, దారి వంకరపోయి, తెర దాటి వెళ్లిపోయింది. నాలుగు రెట్ల దూరంలో పెట్టి రాత్రంతా వదిలేస్తే, తెల్లవారి లేచి చూసేసరికి ఇంకా తిరుగుతూనే ఉంది. 1999లో హోల్మన్, వీగర్ట్ అనే శాస్త్రవేత్తలు ఈ హద్దును పద్ధతిగా లెక్కగట్టారు.

కక్ష్య నిలిచాక ఎండ. ఒక నక్షత్రం రెండో దాని వెనక దాగినప్పుడు వెలుగు సగానికి పడిపోవచ్చు, అదీ కొన్ని గంటలే. మనకు రోజూ రాత్రి ఎండ పూర్తిగానే పోతోంది కదా! నీళ్లు ఉంటే ఆ లోటు తెలియనివ్వవు. మే నెలలో రెంటచింతల ఉడికిపోతుంటే సూర్యలంకలో సాయంత్రానికి చల్లగాలి తిరుగుతుంది, ఈ సంగతి మా పిల్లలకు పుస్తకం చూసి చెప్పనక్కరలేదు. 2017లో మాక్స్ పాప్, సీగ్‌ఫ్రీడ్ ఎగ్ల్ అనే శాస్త్రవేత్తలు కెప్లర్-35 అనే నక్షత్రాల జంట చుట్టూ అంతటా నీరే ఉన్న గ్రహాన్ని ఊహించి లెక్కవేశారు. నివాసయోగ్య మండలం, అంటే నీరు ద్రవంగా నిలవగల దూరాల పట్టీ, దాని వెలుపలి అంచున సగటు ఉష్ణోగ్రత ఏడాదిలో 2 డిగ్రీల దాకా మారింది. లోపలి అంచున దాదాపు కదలలేదు. అందుకే సూర్యులు ఎన్ని అని కాక, మొత్తం వెలుగు ఎంత, నీరు ఎంత అని అడగాలంటాను. 2011లో ప్రకటించిన కెప్లర్-16బి అనే జంట సూర్యుల గ్రహం దాదాపు మన శుక్రుడంత దూరంలోనే తిరుగుతుంది. అయినా అక్కడ సున్నాకు 70 డిగ్రీల కింద చలి, ఎందుకంటే దాని రెండు సూర్యులూ కలిసినా మన సూర్యుడి వెలుగులో ఐదో వంతు కూడా లేదు.

అసలు ఇబ్బంది వెతకడంలో ఉంది. గ్రహం నక్షత్రానికి అడ్డొచ్చినప్పుడు వెలుగు కాస్త తగ్గడాన్ని బట్టే ఇలాంటివాటిని ఎక్కువగా పట్టుకుంటారు. జంట నక్షత్రాలు కదులుతూ ఉండటం వల్ల గ్రహం వాటికి అడ్డొచ్చే సమయం ఒకసారి ముందుకు, ఒకసారి వెనక్కు జరుగుతుంది. క్రమం తప్పని వెలుగు తగ్గుదల కోసం చూసే ప్రోగ్రాంలు దీన్ని, ముఖ్యంగా చిన్న గ్రహాల స్వల్ప తగ్గుదలను, వదిలేస్తాయి. ఇలా దొరికినవి చాలావరకు పెద్ద వాయు గ్రహాలే కావడానికి ఇదొక కారణం. 2019లో నాసాలో వేసవి శిక్షణకు వెళ్లిన 17 ఏళ్ల వుల్ఫ్ క్యూకియర్, గ్రహాల కోసం వెతికే టెస్ ఉపగ్రహం పంపిన వెలుగు గ్రాఫులను కంటితో చూస్తూ టీఓఐ-1338బి అనే జంట సూర్యుల గ్రహం ఆనవాలు పట్టాడు. ఈ సంగతి చెప్పినప్పుడు ఆ అమ్మాయి ఇంకేమీ అడగలేదు, "ఆ గ్రాఫులు మనకూ ఇస్తారా సార్?" అంది. ఇస్తారు, ఉచితంగానే. అప్పటి నుంచి శనివారం మధ్యాహ్నాలు మా ల్యాబులో ఆ గ్రాఫులు తెరిచి కూర్చుంటున్నాం.