కరోలా చాలు, కారు లోన్ వద్దు

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. మాది తెనాలి. అడిలైడ్‌లో నర్సుగా పనిచేస్తున్నాను, ఇంకా పెళ్లి కాలేదు. ఆగస్టులో పదహారు రోజులు సెలవు పెట్టి ఒక్కదాన్నే కారులో ఎడారి ఊళ్లు కూబర్ పీడీ, ఆలిస్ స్ప్రింగ్స్, పెద్ద ఎర్రరాతి కొండ ఉలూరు చూసి రావాలని ఉంది. ఇంటి లోన్ 4,20,000 డాలర్లు, వడ్డీ 6 శాతం. లోన్‌కు జోడించిన ఆఫ్‌సెట్ ఖాతాలో 22,000 ఉన్నాయి, అంత మేరకు లోన్ మీద వడ్డీ పడదు. కిస్తీ, అమ్మానాన్నలకు పంపే 600తో కలిపి నెల ఖర్చు 4,200. నా 2016 కరోలా ఎడారి దారికి పనికిరాదని, 28,000కి ఒక సెకండ్ హ్యాండ్ ఫోర్‌వీల్ డ్రైవ్ ఉందని, లోన్ మీద తీసుకోమని తెలిసినవాళ్లు అంటున్నారు. సూపర్‌లోంచి, అంటే రిటైర్మెంట్ కోసం జమయ్యే ఫండ్‌లోంచి, కొంత తీయవచ్చా? అమ్మేమో ప్రయాణానికి పెట్టే డబ్బుతో బంగారం కొనుక్కోమంటోంది.

జవాబు: ముందు బండి సంగతి తేల్చేద్దాం. మీ ఖర్చంతా దాని మీదే ఆధారపడి ఉంది.

మీరు చెప్పిన మూడు చోట్లకూ మట్టిరోడ్డు తొక్కక్కర్లేదు. ఉత్తరానికి వెళ్లే ప్రధాన రోడ్డు స్టువర్ట్ హైవేకి 1987లోనే పూర్తిగా తారు పడింది. అడిలైడ్ వైపు నుంచి వెళ్తూ ఎర్ల్‌డండా దగ్గర ఎడమకు తిరిగి ఉలూరు వైపు వెళ్లే సుమారు 250 కి.మీ. కూడా తారురోడ్డే. సర్వీసు చేయించి, టైర్లు బాగున్న కరోలా హాయిగా వెళ్లొస్తుంది. 28,000 డాలర్లు 9 శాతం వడ్డీకి అయిదేళ్లకు తీసుకుంటే నెలకు 581 చొప్పున కడతారు, వడ్డీయే 6,900 దాకా అవుతుంది. అంటే మీ ప్రయాణం మొత్తానికి అయ్యే ఖర్చు కంటే ఎక్కువ. తిరిగొచ్చాక ఆ బండి అడిలైడ్‌లో ఆస్పత్రికీ సూపర్ మార్కెట్‌కీ తిరుగుతుంది. పెళ్లికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్లినట్టు ఉంటుంది ఇది.

ఊడ్నాడాటా ట్రాక్ మీద మనసుంటే వేరే మాట. మారీ నుంచి మార్లా దాకా 600 కి.మీ. పైచిలుకు మట్టిదారి అది, కరోలాతో పోవద్దు. అంతగా చూడాలనిపిస్తే కూబర్ పీడీలో ఒకరోజు టూర్‌కి సీటు కొనుక్కోండి.

ఇక లెక్క. ఉలూరు మలుపు, ఊళ్లలో తిరుగుడు కలిపి 4,000 కి.మీ. అనుకుందాం. వందకు 7.5 లీటర్ల చొప్పున 300 లీటర్లు. దారిలో పెట్రోలు నగరం కంటే బాగా ప్రియం కాబట్టి లీటరు 2.40 వేసుకున్నా 720 డాలర్లే. నిజమైన ఖర్చు గదులది. పదమూడు రాత్రులు 150 చొప్పున 1,950, ఉలూరు దగ్గర యులారాలో రెండు రాత్రులకు 800. ఒంటరి ప్రయాణంలో చిక్కంతా ఇక్కడే ఉంది: గది అద్దె ఇద్దరికైనా ఒక్కరికైనా ఒకటే, పంచుకునేవాళ్లు ఉండరు. అందుకే యులారా గది ముందు బుక్ చేయండి, చల్లని నెలల్లో అక్కడ రద్దీ. తిండికి 960, సర్వీసుకు 600, టికెట్లకూ టూర్లకూ 500. మొత్తం 5,530.

దీనికి మరో 2,000 విడిగా పెట్టండి. ఇది ఖర్చు పెట్టడానికి కాదు, రోడ్డు మీద ఏదైనా జరిగితే వాడడానికి. గ్లెన్‌డాంబో దాటాక కూబర్ పీడీ దాకా దాదాపు 250 కి.మీ. ఒక్క బంకు లేదు. సందెవేళ కంగారూలు రోడ్డు మీదికి దూకుతాయి. ఓసారి ఎదురొచ్చిన రోడ్ ట్రైన్ (వెనుక రెండు మూడు ట్రెయిలర్లు లాగే భారీ లారీ) విసిరిన రాయితో నా కారు అద్దం పగిలింది, కొత్తది వేయించే ఊరు చేరడానికి రెండు రోజులు పట్టింది. ఆ రెండు రాత్రుల గది అద్దె ఏ బీమా ఇవ్వలేదు. మీ కారు బీమా పత్రంలో ఎక్సెస్ (క్లెయిమ్‌లో మీరు భరించాల్సిన భాగం) ఎంతో, రోడ్‌సైడ్ సభ్యత్వంలో ఆగిపోయిన బండిని ఎన్ని కి.మీ. లాక్కొస్తారో చూడండి. మామూలు ప్లాన్లు నగరం కోసం రాసినవి. పై స్థాయికి మారాలంటే బయల్దేరే ముందురోజు కాదు, నెల ముందే మారండి.

అంబులెన్స్ గురించి నర్సుకు నేను చెప్పడం బాగోదు గానీ చెబుతాను. ప్రభుత్వ ఆరోగ్య పథకం మెడికేర్ దాన్ని భరించదు, సౌత్ ఆస్ట్రేలియాలో ఒక్క ఎమర్జెన్సీ బిల్లు వెయ్యి డాలర్లు దాటుతుంది. ఏడాది చందా కట్టి లేకపోతే ఇప్పుడే కట్టండి, అది ఆలిస్ స్ప్రింగ్స్, ఉలూరు ఉన్న నార్తర్న్ టెరిటరీలో చెల్లుతుందో లేదో చదవండి. ఫోను సిగ్నల్ లేని చోట నొక్కితే ఉపగ్రహం ద్వారా ఆపద కబురు పంపే బీకన్ ఒకటి కొనుక్కోండి. నెలనెలా చందా ఉండదు.

డబ్బు ఎక్కడినుంచి? ఆఫ్‌సెట్ నుంచే. 7,530 తీస్తే 14,470 మిగులుతుంది, అంటే మూడున్నర నెలల ఖర్చు. వాడిన ప్రతి వెయ్యికీ ఏడాదికి 60 డాలర్ల వడ్డీ పెరుగుతుంది, అంతే. ఆగస్టు దాకా ఆ డబ్బును వేరే సేవింగ్స్ ఖాతాకు మార్చకండి. అక్కడి వడ్డీ మీద పన్ను పడుతుంది, ఆఫ్‌సెట్‌లో ఆదా అయిన వడ్డీకి పన్ను లేదు.

సూపర్ ముట్టుకోలేరు. తీవ్రమైన ఆర్థిక ఇబ్బంది, వైద్యం లాంటి కొద్ది కారణాలకు తప్ప ఇంత ముందే ఇవ్వరు, విహారయాత్ర వాటిలో లేదు. కానీ మీరు అడిగారు కాబట్టి ఇంకో పని చేయండి. మీ తదనంతరం సూపర్ డబ్బు వీలునామా ప్రకారం దానంతటదే పోదు, నామినేషన్ కావాలి. తల్లిదండ్రులు మీ మీద ఆర్థికంగా ఆధారపడ్డారని చూపలేకపోతే వాళ్ల పేరు నేరుగా రాసినా చెల్లకపోవచ్చు. చాలామంది ఒంటరివాళ్లకు నేను చెప్పేది: వీలునామా రాయించి, నామినీగా మీ ఎస్టేట్ ప్రతినిధిని, అంటే ఆ వీలునామాను అమలుచేసే మనిషిని, పెట్టండి. అమ్మానాన్నలు మీ మీద ఆధారపడ్డారనడానికి రుజువుగా ఆ 600 పంపిన రసీదులన్నీ దాచండి.

అమ్మగారి బంగారం మాటకొస్తే, అది ఈ డబ్బుతో కాకుండా వచ్చే ఏడాది పొదుపుతో చూడవచ్చు. అయితే కూబర్ పీడీలో ఓపల్ అనే రత్నాన్ని చూసి అదే బంగారమనుకోకండి. 1915 నుంచి అక్కడ తవ్వుతున్నారు, రాయి అందం కాదనలేం. కానీ తులం లెక్కన రేటు ఉండదు, తిరిగి అమ్మబోతే కొన్న ధర రాదు. డబ్లెట్, ట్రిప్లెట్ అంటే పల్చని ఓపల్ పొరను నల్లటి వెనుక ముక్కకు అతికించినవి. దుకాణంలో ‘సాలిడ్’ (అతుకు లేని ఒకటే రాయి) అని బిల్లు మీద రాయించుకుని, నచ్చితే ఒక్కటి కొని వేసుకోండి. అది టూర్ల పద్దులోంచే పోవాలి, ఆ రెండు వేలలోంచి కాదు.