పాత జీపు కొన్నాక ముందు లిఫ్ట్ వేయించాలా, రిపేర్లు చూసుకోవాలా?

పాత ఫోర్ బై ఫోర్ జీపు కొన్నారు, ఇంట్లోనే పని చేసుకుంటూ బండి ఎత్తు పెంచే లిఫ్ట్ కిట్, పెద్ద టైర్లు, ఇంజిన్‌కు గాలిని పైనుంచి అందించే స్నార్కెల్ గొట్టం పెట్టాలనుకుంటున్నారు, ఎక్కడ మొదలుపెట్టాలని అడిగారు. ముందు బండిని కంపెనీ నుంచి వచ్చినప్పటి స్థితికి తెచ్చి, కొన్నాళ్లు అలాగే నడపండి. అరిగిన భాగాల మీద లిఫ్ట్ వేశాక స్టీరింగ్ వణికిందనుకోండి, తప్పు కొత్త స్ప్రింగులదా, ముందు చక్రాలు పక్కకు తిరగడానికి ఉండే, ఎప్పుడో పోయిన కింగ్‌పిన్ బేరింగులదా అన్నది తేల్చడానికి ప్రాణం పోతుంది.

నేనూ ఇలాంటి బండినే ఇంటి దగ్గర విప్పి బాగుచేసుకున్నాను. మొదట చూసింది చాసిస్, అంటే బండి మొత్తాన్ని మోసే ఇనుప చట్రం. చిన్న సుత్తితో ఈ చివర నుంచి ఆ చివర దాకా తడుతూ వెళ్లాను. గట్టి ఇనుము ఖంగుమంటుంది, లోపల తుప్పు తిన్న చోట మొద్దు శబ్దం వస్తుంది. వెనక కమాన్ కట్టలు (పట్టీల స్ప్రింగులు) బిగించే బ్రాకెట్ దగ్గర పైకి నల్లరంగు నిగనిగలాడుతోంది కానీ, స్క్రూడ్రైవర్‌తో నొక్కితే లోపలికి దిగిపోయింది. అక్కడ కోసేసి కొత్త రేకు వెల్డింగ్ చేశాకే మిగతా పని ముట్టుకున్నాను. వెల్డింగ్‌కి ముందు బ్యాటరీ వైర్లు తీసేయండి. పెట్రోల్ ట్యాంకు, పైపులు దగ్గర్లో ఉంటే వాటిని పూర్తిగా విప్పి దూరంగా పెట్టండి. ఇక బండి కిందికి దూరేటప్పుడు ఒక్క జాక్‌ని మాత్రం నమ్మొద్దు, స్టాండ్లు తప్పనిసరి.

తర్వాత యాక్సిల్ (చక్రాల ఇరుసు) ఆయిల్. కింది డ్రెయిన్ ప్లగ్ కంటే ముందు పైన ఆయిల్ పోసే ప్లగ్ ఊడుతుందో లేదో చూసుకోండి. ఉన్న ఆయిల్ వదిలేశాక పై ప్లగ్ కదలకపోతే బండి అక్కడే ఉండిపోతుంది. నా బండి వెనక యాక్సిల్ డబ్బాలోంచి పాలు ఎక్కువైన టీ రంగులో ఆయిల్ కారింది. అంటే నీళ్లు కలిశాయన్నమాట. వేడెక్కిన యాక్సిల్ వాగులో మునిగితే లోపలి గాలి చల్లబడి కుంచించుకుపోతుంది. యాక్సిల్‌కు గాలి ఆడే చిన్న రంధ్రం, అంటే బ్రీదర్, మూసుకుపోయి ఉంటే ఆయిల్ సీల్ అంచుల నుంచి నీళ్లు లోపలికి లాక్కుంటుంది. అందుకే నేను చేసిన మొట్టమొదటి మార్పు బ్రీదర్లకు పొడవాటి రబ్బరు గొట్టం వేసి ఇంజిన్ పై భాగం దాకా తీసుకెళ్లడం. చూడ్డానికి ఏమీ కనిపించదు కానీ, నన్నడిగితే ఏ పాత జీపుకైనా ముందు చేయాల్సిన మార్పు ఇదే.

బ్రేకులు మొత్తం విప్పి చూడండి. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 అనే రకం బ్రేక్ ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదు, తేమ పట్టాక ఆ హద్దు 140కి పడిపోతుంది. దిగుడు ఘాట్‌లో పెడల్ మెత్తబడేది అందుకే. పాత డ్రమ్ముల్లో పేరుకున్న దుమ్మును గాలి కొట్టి ఊదొద్దు, అందులో ఆస్బెస్టాస్ ఉండొచ్చు. తడిపి తుడవండి.

ఇక టైర్లు, లిఫ్ట్. 28 అంగుళాల టైరు తీసి 31 వేస్తే చుట్టుకొలత 11 శాతం దాకా పెరుగుతుంది. స్పీడోమీటర్ 60 చూపిస్తుంటే బండి నిజానికి 66కు పైనే పోతుంటుంది. యాక్సిల్ రేషియో (చక్రం ఒక్కసారి తిరగడానికి షాఫ్ట్ ఎన్నిసార్లు తిరగాలో చెప్పే లెక్క) 4.1 అయితే 3.7 వేసినట్టే ఉంటుంది, ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజిన్ ఈడ్చలేక ఆయాసపడుతుంది, బ్రేకుల మీదా భారం పెరుగుతుంది. లిఫ్ట్ ఎత్తు పెరిగేకొద్దీ యాక్సిల్‌కు శక్తిని అందించే ప్రొపెల్లర్ షాఫ్ట్ కోణం పెరిగి, దాని చివర్లలోని యూజే క్రాస్‌లు (మడత కీళ్లు) త్వరగా పోతాయి. క్యాస్టర్ (ముందు చక్రాల స్టీరింగ్ అక్షం వెనక్కి వాలిన కోణం) తగ్గితే బండి రోడ్డు మీద అటూ ఇటూ పోతుంది. చక్రం పూర్తిగా కిందికి వేలాడినప్పుడు బ్రేక్ హోస్ బిగుసుకుంటోందేమో కచ్చితంగా చూడాలి. నేను తక్కువ లిఫ్టుతో సరిపెట్టుకున్నాను, ఇప్పటికీ అదే సరైన నిర్ణయమని నమ్ముతాను. ఏదైనా సరే, ఒక్కసారికి ఒక్కటే మార్చి, నడిపి చూసి, ఆ తర్వాతే ఇంకోటి.

స్నార్కెల్ విషయానికొస్తే, ఎయిర్ ఫిల్టర్ డబ్బా, పైపు జాయింట్లు నీళ్లు చొరకుండా సీల్ చేయకపోతే అది ఉన్నా లేనట్టే. నీళ్లలో బండి ఆగిపోతే మళ్లీ సెల్ఫ్ కొట్టొద్దు. సిలిండర్‌లో నీరు చేరి ఉంటే అది నొక్కుకుపోదు, కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. ఒడ్డుకు లాగించి, స్పార్క్ ప్లగ్‌లు, డీజిల్ అయితే ఇంజెక్టర్లు విప్పి, నీళ్లు బయటికి పోయేలా ఇంజిన్ తిప్పాకే స్టార్ట్ చేయండి.